అక్క చెప్పిన పిట్టలు

దుకాణం మేడమీద, కిటికీ దగ్గర దూరాన ఉన్న పిట్టల్ని చూసే మూడు స్పాటింగ్ స్కోపులు స్టాండ్ల మీద నిలబెట్టి ఉన్నాయి. అక్క తిన్నగా అన్నిటికంటే పెద్దదాని దగ్గరికి వెళ్లిపోయింది. లెక్కలు చెప్పీ చెప్పీ రిటైరైన టీచరు; ఏది కొన్నా పెద్ద అంకె ఉన్నదే కావాలంటుంది.

"అరవై రెట్లు పెద్దగా చూపిస్తుందిటే!"

"అంత పెంచితే వెలుతురు తగ్గిపోతుందండీ, ఎండలో పిట్ట అలుక్కుపోయినట్టుంటుంది. ముప్పై చాలు," అన్నాడు దుకాణదారు. ఆవిడ మెడ నొక్కుకోవడం చూసి, కన్ను ఆనించే గొట్టం ఏటవాలుగా ఉన్న స్కోపు ముందుకు జరిపాడు. "ఇదైతే తల కాస్త వంచితే చాలు."

చెల్లెలు వెనకే నిలబడి వింటోంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, సోడాబుడ్డి కళ్లద్దాలు. చిన్నప్పుడు సెలవొస్తే ఇద్దరూ మొదటి బస్సుకే చెరువుకి పోయేవారు. ఉన్న ఒక్క బైనాక్యులర్సూ అక్క మెడలో, నోటుపుస్తకం తన చేతిలో. "అదిగో ఉల్లంకి పిట్ట! కనపడిందా?" అని అక్క గుసగుసలాడేది. తడిగడ్డి వాసన, సగం సగం తుంచుకున్న బన్ను, ఆనుకుని కూచున్న అక్క వెచ్చదనం.

"నువ్వూ చూడవే," అంది అక్క.

చెల్లెలు అలవాటుగా కళ్లద్దాలు తియ్యబోయింది.

"తియ్యక్కర్లేదమ్మా," అంటూ దుకాణదారు గొట్టం చివరి రబ్బరు అంచు కిందికి మడిచాడు. "దీంట్లో అద్దాలతోనే చూడొచ్చు."

చూసింది. ఎదురు మేడ నీళ్లట్యాంకు మీద గోరింక. కంటి చుట్టూ పసుపు పట్టీ, ముక్కున గడ్డిపోచ. ఈకలు లెక్కపెట్టొచ్చు.

"ఏమైందే, అలా బిగుసుకుపోయావు?"

"అక్కా, చెరువు దగ్గర నాకు ఏనాడూ ఏ పిట్టా సరిగ్గా కనపడలేదు. నువ్వు బైనాక్యులర్స్ ఇచ్చినా అద్దాలు అడ్డమొచ్చేవి, తీస్తే అంతా మసక. నువ్వు చెప్పిందే రాసేదాన్ని."

"మరి కనపడిందన్నావుగా, ప్రతిసారీ!"

"లేదంటే తీసుకెళ్లవేమోనని."

అక్క ముఖం చిన్నబోయింది. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, "పిల్లలందరి లెక్కలూ దిద్దాను, ఇది మాత్రం పట్టుకోలేకపోయాను," అంది. తర్వాత దుకాణదారు వైపు తిరిగి, "ఇదే కట్టిచ్చెయ్యండి. మా చిన్నదానికి కనపడుతోంది," అంది.

ఆదివారం చెరువు గట్టు మీద స్టాండు నిలబెట్టారు. తుంగ పక్కన నీటికోడి, దాని వెనక నాలుగు పిల్లలు. కన్ను ఆనించిన చెల్లెలు ఇక కదల్లేదు.

"ఇంకెంతసేపే? నన్నూ చూడనియ్యి!"

"ఉండక్కా," అంది చెల్లెలు, తల ఎత్తకుండానే.