నాలుగు గంటల రంగూన్

నాలుగు గంటలేనండీ, కలకత్తా నుంచి రంగూన్‌కి విమానంలో ఆరువందల యాభై మైళ్ళు, పొద్దున్న ఎక్కిన మనిషి మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు, నేనిప్పుడు చీపురు పడితే తప్పేమిటి అన్నాను, అత్తయ్యగారు చీపురు లాక్కున్నారు, వెళ్ళిన మనిషి చేరేదాకా ఇల్లు ఊడవకూడదని మీ కాలేజీలో చెప్పలేదా అమ్మా అన్నారు, మా ఆయన రాజోల్లో లాంచీ ఎక్కిన నాటి నుంచీ వంటింట్లో నూకలు, వసారాలో కొబ్బరి పీచు, కాలు పెడితే గరగర, మావయ్యగారు కాకినాడలో ఓడెక్కే రోజుల్లోనూ ఇల్లు ఇలాగే ఉండేదట, ఓడ చేరేదాకా ఉండేదట, అయినా అది ఓడ, ఇది విమానం, లెక్క వేరు కదా, ఆ మాట అనబోతే మావయ్యగారి పడమటి గది తలుపు నాకెదురుగా ఉంది.

ఆ గది ఊడ్చి పదకొండేళ్ళు, రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు అక్కడి బియ్యం మిల్లులో గుమాస్తా అయిన మావయ్యగారు అందరితో పాటు కాలినడకన బయలుదేరేరు, తోటివాళ్ళు ఇల్లు చేరేరు, ఆయన చేరలేదు, ప్రాణం పోగా చూసినవాళ్ళు లేరు కనుక కర్మ చెయ్యలేదు, అత్తయ్యగారి నుదుట కుంకుమ అలాగే ఉంది, ఆయనకి మోకాళ్ళ నెప్పులమ్మా, మెల్లిగా వస్తున్నారు అంటారు ఎసట్లో బియ్యం పోస్తూ, మొదట్లో అక్యాబ్ దాకా వచ్చేరనేవారట, పోయినేడు చిట్టగాంగు దాకా, ఇవాళ ఏమన్నారు, అబ్బాయి విమానం ఆయన నెత్తి మీదుగానే వెళ్ళుంటుంది, తలెత్తి చూసుంటారు అన్నారు, నవ్వబోయి ఆగిపోయాను, అంతెత్తు నుంచి కొండదారిలో ఒక్క మనిషి, తెల్ల పంచె, విమానం నీడ ఆయన వీపు మీంచి జారి ముందుకెళ్ళిపోతుంది, ఆయన మళ్ళీ నడుస్తారు, తలుపు వెనక చెప్పులు విడిచిన చప్పుడు, కాదు, కొబ్బరి మట్ట గోడకి రాసుకుంది, గాలి లేదు, అయినా మట్టే.

దీపాలవేళ పోస్టుమేన్ దేవసహాయం టెలిగ్రాం తెచ్చేడు, క్షేమంగా చేరాను అని, అత్తయ్యగారు కళ్ళు తుడుచుకుని ఇప్పుడు ఊడ్చుకో తల్లీ అన్నారు, చీపురు తీసుకున్నాను, వంగలేకపోయాను, చేరానని కాగితం అంటోంది, దిగగా చూసిందెవరు, విమానం దిగి ఆయన ఉద్యోగానికెళ్ళిన మిల్లుకెంత దూరం, మిల్లు నుంచి బసకెంత, దారిలో వాగులున్నాయా, లెక్కపెడుతున్నది నేనే, తప్పు లేకుండా పెడుతున్నాను, మొదటి రోజు అత్తయ్యగారూ ఇలాగే తప్పు లేకుండా పెట్టి ఉంటారు, ఆవిడకి మతి తప్పిందనుకున్నాను ఇన్నాళ్ళూ, తప్పలేదు, ఆ లెక్క ఆపమని ఎవరూ వచ్చి చెప్పలేదంతే, ఆయన వచ్చేదాకా రెండేళ్ళు ఈ ఇంట్లో ఉంటే నాకూ ఒక గది తయారవుతుంది.

రాత్రి మా మరిది రాఘవులుకి మజ్జిగ పోస్తూ, అత్తయ్యగారూ, పాసుపోర్టు రాగానే నేనూ రంగూన్ వెళ్ళిపోతానండీ అన్నాను, అన్నయ్య ఇంకా పెట్టె విప్పి ఉండడు వదినా అని రాఘవులు నవ్వేడు, అత్తయ్యగారు నవ్వలేదు, వద్దనలేదు, ఆయ్, అలాగే వెళ్ళమ్మా అని, తింటున్న ముద్ద విస్తట్లో పెట్టేసి, విమానంలోనా, నడిచా అన్నారు, విమానంలోనేనండీ అన్నాను, ఆవిడ ఎంగిలి చేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడవడం మొదలుపెట్టేరు.