ఏడుపు వినిపించని గది

బిడ్డ ఏడుపు విని కాజాలమ్మాయి మిషను ముందు నుంచి లేచింది. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని, అందుకే అందరూ అలా పిలుస్తారు. గోడకు అవతలే పిల్లల గది. పరుగెత్తుకుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి రొమ్ముల దగ్గర బట్ట పాలతో తడిసిపోయింది. బిడ్డను అందుకోబోతుంటే వెనక నుంచి సూపర్‌వైజరు రెక్క పట్టుకుని ఈడ్చాడు. ఆమె గుమ్మాన్ని పట్టుకుంటే వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. లోపల ఆమె కొడుకు, బుడంకాయ అని అందరూ ముద్దు చేసే నెలల పిల్లాడు, తల్లి పోయిన వైపు చూస్తూ గుక్కపట్టి ఏడ్చాడు.

భుజాన సంచీ ఇంకా దించని కొత్త టీచరమ్మ ఇదంతా చూసింది. ఉద్యోగంలో ఆమెకది మొదటి రోజు. పసిపిల్లల పెంపకం, చదువుల మీద డిగ్రీ చేసింది. వాళ్ళ వాడలో పట్టా పుచ్చుకున్న మొదటి ఆడపిల్ల. వాళ్ళమ్మ ఇంటింటికీ వెళ్ళి చెప్పుకుని మురిసిపోయింది.

ఆ గదిని ఫ్యాక్టరీ వాళ్ళు నడపరు, ఒక కాంట్రాక్టరుకు గుత్తకిచ్చి చేతులు దులుపుకున్నారు. డిగ్రీ ఉన్న మనిషి ఒకరు ఉంటే గానీ సర్కారు అనుమతి రాదు కాబట్టి అతను టీచరమ్మ పట్టా అడిగి తీసుకుని, ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. ఆమెకు చెప్పిన పని ఒక్కటే. ఏడుపు గోడ దాటకూడదు. దాటితే అవతల తల్లుల చేతులు ఆగుతాయి, మిషన్లు ఆగుతాయి.

టీచరమ్మ దాన్ని మంచి మాటగానే తీసుకుంది. పిల్లలు ఏడవకుండా ఉండాలని ఆమె చదువు కూడా చెప్పింది కదా. మధ్యాహ్నం ఆయా అందరికీ పాలు పట్టించాక, చాపల మీద వరసగా పడుకోబెట్టి, కాలేజీలో నేర్పినట్టు గొంతు తగ్గించి, వీపు మీద అరచేత్తో తడుతూ జోల అందుకునేది. రెండో చరణం రాకుండానే గది గదంతా నిద్రపోయేది. ఆమె ఉప్పొంగిపోయింది. సాయంత్రం గేటు దగ్గర తల్లులను ఆపి, మీ పిల్లలకు నా పాట ఉంటే చాలు, కిక్కురుమనరు అని చెప్పుకునేది. తల్లులు ఆమె చెయ్యి పట్టుకుని నువ్వు చల్లగా ఉండాలమ్మా అనేవారు. కాజాలమ్మాయి అయితే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పక్కనే ఉన్న ఆయా మాత్రం మొహం తిప్పుకునేది. చదువుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ టీచరమ్మ పిచ్చితనం చూసి నవ్వకండి. మనకు పట్టా ఇచ్చే ఏ కాలేజీ ఇలాంటి గది ఎలా ఉంటుందో చూపించదు.

ఒకరోజు ఉంగరాల జుట్టు పిల్ల ఒకతె పాట మొదలుకాకముందే, కూర్చున్నది కూర్చున్నట్టే, నోట్లో పాలు మింగకుండానే వాలిపోయింది. టీచరమ్మ బుగ్గలు తట్టింది, పేరు పెట్టి పిలిచింది, మొహం మీద నీళ్ళు చల్లింది. కళ్ళు తెరవలేదు. ఆమె వంటగదిలోకి పరుగెత్తింది. అక్కడ ఆయా పాలగిన్నెలోకి జలుబు మందు సీసా వంచుతోంది.

"అదేంటక్కా?"

ఆయా దాచలేదు. "ఇదేనమ్మా నీ జోలపాట" అంది.

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆయా తాపీగా అంతా చెప్పింది. ఆ మందు తాగితే పిల్లలు మత్తుగా పడుంటారు, సీసాలు తెచ్చేది కాంట్రాక్టరే. గది నిండా పిల్లలు, ఎత్తుకోవడానికి ఉన్నవి తన రెండు చేతులు. పొయ్యనన్న పాత ఆయాను మెడపట్టి గెంటేశారు. ఉంగరాల జుట్టు పిల్ల సాయంత్రానికి గానీ కళ్ళు తెరవలేదు.

టీచరమ్మ కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళి గట్టిగానే అడిగింది. అతను ఓపిగ్గా విన్నాడు, గోడ వైపు వేలు చూపించాడు. "అక్కడ ఎవరి పేరుందో చదువుకో. ఏదైనా జరిగితే అడిగేది నిన్నే. నేనెక్కడుంటాను?"

ఆమె వెనక్కి వచ్చేసింది. రేపు తల్లులకు చెబుదామనుకుంది. రేపు వచ్చాక, ఎల్లుండి అనుకుంది. ఇంట్లో అమ్మ మొహం గుర్తొచ్చి మళ్ళీ వాయిదా వేసింది. మందు తగ్గించమని ఆయాను బతిమాలితే ఆయా తగ్గించింది. ఆ మధ్యాహ్నం ఏడుపు గోడ దాటింది, సూపర్‌వైజరు వచ్చి తలుపు తన్నాడు. వెంటనే కాంట్రాక్టరు దిగబడి, తన చేత్తోనే గిన్నెలో సీసా బోర్లించి, పాడవమ్మా అన్నాడు. ఆమె పాడింది.

ఆరోజు బుడంకాయకు ఒళ్ళు వెచ్చగా ఉంది, ముక్కు దిబ్బడేసింది. మిగతా పిల్లలు ఒక్కరొక్కరే లేచారు. వాడు లేవలేదు. ఆయా ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది, ఊపిరి లేదు.

తల్లి గోడకు అవతలే ఉంది. అయినా కాంట్రాక్టరు చెప్పనివ్వలేదు. పని ఆగుతుందన్నాడు. గంట కొట్టి అందరూ బయటికి వచ్చాకే ఆమెను పిలిచాడు. పొద్దున నువ్వు పట్టిన పాలే అడ్డం పడ్డాయమ్మా, ఎవరేం చేస్తారు అన్నాడు. కాజాలమ్మాయి నమ్మింది. రెండు పిడికిళ్ళతో తన రొమ్ములనే బాదుకుంది. టీచరమ్మ అక్కడే నిలబడి చూసింది.

బిడ్డను మట్టిలో పెట్టిన మర్నాడు కాజాలమ్మాయి ఇంటి ముందు సందులో ఆడవాళ్ళంతా కూర్చుని ఉండగా టీచరమ్మ వచ్చింది, వెనక ఆయా. నిలబడి ఉన్నదంతా చెప్పింది, తను పాడిన పాటతో సహా. ఎవరో ఆమె మొహాన ఉమ్మేశారు. ఇద్దరు ఆయా జుట్టు పట్టుకుని కింద పడేశారు. బట్టలు కత్తిరించే పనిలో ఉన్న పెద్దామె, అందరూ కత్తెరక్క అనే మనిషి, అడ్డం పడి విడదీసింది.

"దీన్ని చంపితే రేపు ఆ సీసా ఇంకో ఆయా చేతికొస్తుంది. సీసా కొన్నవాడు మాత్రం హాయిగా ఇంటికెళ్తాడు" అంది.

గొడవపడితే గదే మూసేస్తారని, పిల్లలను ఎక్కడ వదలాలని ఒకామె భయపడింది. ఉద్యోగాలు పోతే అందరం రోడ్డున పడతామంది ఇంకొకామె. కత్తెరక్క గట్టిగా తగులుకుంది. ఆ గది వాళ్ళు పెట్టిన భిక్ష కాదు, మన చేతులు కావాలి కాబట్టి పెట్టారు. గది మూయకూడదు. ఆయాలు సరిపడా కావాలి, పాలిచ్చే తల్లిని ఎవడూ ఆపకూడదు, కాంట్రాక్టరు జైలుకు పోవాలి అంది. వాదనలు సాగాయి, ఏడ్పులు సాగాయి, చివరికి అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. కాజాలమ్మాయి గోడకు ఆనుకుని అంతా విన్నది. టీచరమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మరునాడు పిల్లల గదిలోకి ఒక్క బిడ్డా పోలేదు. తల్లులు గేటు కాపలావాణ్ణి తోసుకుని, చంకల్లో పిల్లలతో తిన్నగా హాల్లోకి వెళ్ళి ఎవరి మిషను ముందు వాళ్ళు కూర్చున్నారు. ఒక్క మిషనూ తిరగలేదు. సూపర్‌వైజరు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఒక పిల్లాడు కుట్టాల్సిన చొక్కాల గుట్ట మీద ఒంటికి పోశాడు. ఆడవాళ్ళు నవ్వారు, ఆ నవ్వుతో భయం సగం పోయింది.

పోలీసులు వచ్చారు. కాంట్రాక్టరు ఫ్రేములోని పట్టా తెచ్చి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు. గదికి బాధ్యత ఈ అమ్మాయిదే, అంతా ఈమె నిర్వాకమే అన్నాడు. తల్లుల వెంట హాల్లోకి వచ్చి ఆయాతో గోడ పక్కన నిలబడ్డ టీచరమ్మ చేతులు కానిస్టేబుళ్ళు పట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరు అప్పటికే రాయించిన ఫిర్యాదు తీసుకుని కాజాలమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. ఖాళీ ఒడితో కూర్చున్నది ఆమె ఒక్కతే.

"సంతకం పెట్టమ్మా. నీ బిడ్డకు న్యాయం జరుగుతుంది."

"ఎవరి పేరు రాశారు?"

"ఈ టీచరుదే."

హాలు మొత్తం ఆమె వైపే చూసింది. కాజాలమ్మాయి మొదటిసారి టీచరమ్మను తేరిపార చూసింది.

"ఆ పేరు కొట్టెయ్యకండి. తెలిసీ పాడింది. దాన్ని నేను ఛస్తే క్షమించను" అంది. తర్వాత కాగితం వెనక్కి తోసింది. "దాని పైన కాంట్రాక్టరు పేరు రాయండి. వాడి పైన ఈ ఫ్యాక్టరీ యజమాని పేరు రాయండి. అప్పుడు పెడతాను."

"పెట్టకపోతే నీ కేసే ఉండదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రాయండి సార్. సీసా ఎవరు తెచ్చారో, ఎవరు పోశారో నేను చెబుతాను. నాతోపాటు వాళ్ళనూ ఆ బండి ఎక్కించండి" అంది టీచరమ్మ. పోసిన చెయ్యి నాదీ ఉంది, నా పేరూ రాసుకోండి అని ఆయా ముందుకు వచ్చింది.

కాంట్రాక్టరు తన కారెక్కి వెళ్ళిపోయాడు. టీచరమ్మను, ఆయాను బండిలో పడేసి స్టేషనుకు పట్టుకుపోయారు. మిగతావాళ్ళను లాఠీలతో కదిలించబోతే తల్లులు పిల్లలను మధ్యలో పెట్టుకుని నేల మీద చుట్టూ కూర్చున్నారు. పొద్దువాలేలోపు ఈ కబురు పక్క ఫ్యాక్టరీకి పాకింది. అక్కడి పిల్లల గదిలోనూ అవే సీసాలు దొరికాయి. ఆ తల్లులు కూడా బిడ్డలను ఎత్తుకుని వచ్చి గేటు బయట బైఠాయించారు. ఇన్‌స్పెక్టరు కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చాడు. అందులో ఇంకా ఒక్క పేరే ఉంది.

కాజాలమ్మాయి సంతకం పెట్టలేదు.