మేకలు ముట్టని చెట్టు

రెండేళ్లు వరుసగా వానలు ఎగ్గొట్టాయి. బోధన్ రోడ్డు మీది దేశ్‌ముఖ్ బంగ్లాలో నేను తోట చూసుకునే మాలీని. బావిలో బొక్కెన వేస్తే సగం బురదే. "లతీఫ్, నీళ్లు అడగని చెట్లు పెట్టు" అన్నాడు దొర. ఒక్క గులాబీని ఉంచి మిగతావన్నీ పీకేశాను. ప్రహరీ లోపల పొడుగునా గన్నేరు పెట్టాను. ఎండకు వాడదు, మేకలు ముట్టవు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చలికాలంలో కొమ్మలు కత్తిరించి గోడ అవతల పారేశాను. ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు వరుస కట్టి ఆగేది అక్కడే. నాలుగోనాడు పొద్దున చూస్తే కుప్ప లేదు.

గన్నేరు నిలువెల్లా విషం. పచ్చి గన్నేరును ఎద్దు వాసన చూసి వదిలేస్తుంది. ఎండిన ఆకుతో మోసపోతుంది. పిడికెడు తిన్నా చాలు, కూలిపోతుంది. కరువులో ఎద్దు పోతే ఆ ఇల్లు మునిగినట్టే.

"గోడ కాడి కొమ్మలు ఎవలు తీస్కపోయిండ్రు?" అని అరుస్తూ బండి బండికీ పరుగెత్తాను. గన్నేరు అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వలేదు. తెలిస్తే నన్ను అక్కడే పాతిపెడతారని భయం.

"సలికాలంల ఎండదెబ్బ తాకింది మాలీకి" అని ఎవరో నవ్వారు.

చివరి బండి ధర్పల్లి హన్మవ్వది. ముసలిది, ఒంటరిది. బండి కింద నా కొమ్మలు కనిపించాయి.

"అవ్వా, ఎడ్లకు ఏసినవా గివి?"

"లేదు బిడ్డా. ఆకంత రాలిపోయింది. పొయిలకని కట్టెలు తెచ్చుకున్న."

అల్లాకు వెయ్యి దండాలు పెట్టుకున్నాను. అప్పుడు చూశాను. ఆమె పళ్ల మధ్య ఆ కొమ్మల పుల్లే ఉంది. చివర కుంచెలా నలిగిపోయి ఉంది.

"యాపపుల్లనే గదా? గంతే చేదున్నది. నాలికెందుకో మొద్దుబారింది."

పుల్ల లాగి పారేశాను. గులాబీ కోసం దాచిన కుండెడు నీళ్లు తెచ్చి నోరు కడిగించాను. ఆమె వాంతి చేసుకుంది. చెరకు అక్కడే దింపేసి, ఆ ఎడ్లనే కట్టి దవాఖానకు తోలాను.

దారిలో నిజం చెప్పాను.

"నీ అరుపు ఇన్న బిడ్డా. అప్పటికింక పుల్ల నోట్లె పెట్టలె. గన్నేరని ఒక్క మాట అనకపోతివి."

ఎడ్లను అదిలించాను. దవాఖాన ఇంకా రెండు మైళ్లుంది.