తప్పు జవాబుకి టిక్కు

ఆ టిక్కు చూడగానే అత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ముప్పయ్యేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. తప్పు కంటపడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. రిటైరయ్యాక తమ్ముడి కూతుళ్లిద్దరికీ పాఠాలు చెబుతోంది. వాళ్లు బడికి వెళ్లరు, బళ్లంటే వాళ్ల నాన్నకి గిట్టదు. భోజనాల బల్లే క్లాసు. మూడు వారాలుగా ఓ బొమ్మల నవల చదువుతున్నారు. అందులో ఒక మిల్లు కాలనీ, బడి కిటికీ బయట నిలబడి పాఠం వింటున్న పదకొండేళ్ల పిల్ల, దాని చంకలో చంటివాడు.

నిన్న అత్త ఇచ్చిన ప్రశ్న: ‘ఈ పిల్ల బడి లోపల ఎందుకు లేదు?’

పెద్దది రాసిన జవాబు: ‘తనకీ మాలాగే ఇంట్లోనే చదువు. లక్కీ!’

పక్కన ఇంత పొడుగు ఎర్ర టిక్కు.

“ఎవరే ఈ ఘనకార్యం చేసింది?”

“నాన్న,” అంది చిన్నది.

తమ్ముడు కాఫీ కప్పుతో వచ్చాడు. “నేనే అక్కా. పాజిటివ్‌గా రాసిందిగా, ఎందుకు కొట్టెయ్యడం? బొమ్మలు చూపించు, మాటలకి అర్థాలు చెప్పు, చాలు. ఆ కాలం కష్టాలన్నీ పసిపిల్లల నెత్తిన రుద్దకు. ఇలాగే అయితే వచ్చే నెల నుంచి వేరే టీచర్ని చూసుకుంటాను.”

ఎంత మాట! ఈ పిల్లలతో గడిపే రెండు గంటల కోసమే అత్త మిగతా రోజంతా ఈడుస్తోంది. అది వాడికి తెలుసు. తెలిసే అన్నాడు, పెద్దమనిషి! నోరు మూసుకుంటే పాఠాలు నిలబడతాయి. ఆ దిక్కుమాలిన జవాబూ నిలబడుతుంది.

అత్త నోరు మూసుకోలేదు.

“బొమ్మలే చూద్దాం రండి. ఈ బడి గోడ గడియారంలో టైమెంత?”

“పది.”

“పదింటికి వాళ్లమ్మ ఎక్కడుంది?”

పెద్దది పేజీలు వెనక్కి తిప్పింది. “మిల్లులో. నాన్న కూడా.”

“మరి చంటాణ్ణి ఎవరు చూస్తారు? మిల్లులో పిల్లల్ని ఉంచుకునే చోటు లేదు. ఇద్దరూ పనికెళ్లకపోతే పొయ్యి వెలగదు. అందుకని ఆడపిల్లని బడి మాన్పించేవాళ్లు. మగపిల్లాణ్ణి ఎవడూ మాన్పించలేదు. మా మిల్లు ఇళ్ల వరసలో ఇంటింటా ఇదే కథ.”

“మీ వరసా?” అంది పెద్దది.

“అక్కా, వద్దు!”

“ఏంట్రా వద్దు? కిటికీ దగ్గర నిలబడితే, చంకలోవాడు ఏడ్చినప్పుడల్లా పంతులు నన్ను తరిమేసేవాడు. తర్వాత వాడు బడికెళ్లి చింపుకొచ్చిన వాచకాల్లో అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ పిల్ల నేనేనే. చంకలోవాడు ఇదిగో, కాఫీ తాగుతున్నాడు.”

తమ్ముడు కప్పు బల్ల మీద పెట్టేశాడు.

పెద్దది రబ్బరు తీసి తన రాత చెరిపేసింది. అదే చోట మళ్లీ రాసింది: ‘తమ్ముణ్ణి ఎత్తుకోవాలి కాబట్టి.’

అత్త ఎర్ర పెన్సిలు తమ్ముడి ముందుకి విసిరింది. “దిద్దు. టిక్కులు పెట్టడం వచ్చుగా నీకు!”

“అక్కర్లేదత్తా,” అంది పెద్దది. “అది చెరగలేదు. నాన్న టిక్కు ముందే పెట్టేశాడు.”

వాడు తల దించుకున్నాడు. అత్త సంచీ భుజాన వేసుకుంది.

“రేపు పదింటికి వస్తాను. వద్దని అను, చూస్తాను!”