పోశం తెచ్చే కబురు

గోదావరిఖనిలో మా కాలనీ ఆడవాళ్లు పోశం ఎదురుపడితే పలకరించరు. తల పక్కకు తిప్పుకుని గబగబా ఇంట్లోకి పోతారు. మనిషి మంచివాడే, ఒకరి జోలికి పోయేవాడు కాదు. మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచి, మేం బాయి అనే గని పైన ల్యాంప్ రూంలో డ్యూటీ చేస్తాడు. కిందికి దిగేవాళ్లకు దీపాలివ్వడం, పైకి వచ్చినవాళ్ల దగ్గర తిరిగి తీసుకోవడం అతని పని. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. కానీ గనిలో ఎవరైనా పోతే ఇంటికి కబురు మోసేది కూడా అతనే. ఆ పని అతనికి ఎవరూ అప్పజెప్పలేదు. ఎప్పుడో ఒకసారి పోయి చెప్పి వచ్చాడు, మెత్తగా చెప్పాడని పేరొచ్చింది, ఇక అప్పటి నుంచి నెత్తిన పడింది. మన దగ్గర మంచిపేరు వచ్చిందంటే ఇంకో నాలుగు బరువులు వచ్చినట్టే.

ఆ మెత్తదనం ఎలాంటిదో చెబుతాను. పోశం ఇన్నేళ్లలో ఏ గడప ముందూ "సచ్చిపోయిండు" అనలేదు. "జర దెబ్బ తాకింది వదినె, దవాఖానకు తీస్కపోయిండ్రు" అంటాడు. "మాట్లాడుతున్నడు" అంటాడు. "నీళ్లు గూడ తాగిండు" అంటాడు. ఆ తర్వాత చుట్టూ చూసి, "ఇంట్ల ఇంకెవలన్న ఉన్నరా?" అని అడుగుతాడు. మల్లక్క పెనిమిటి గనిలోనే ప్రాణం విడిస్తే, "నా పిల్లల మీద ఒట్టు, మంచిగనే ఉన్నడు" అని ఆమెను జీపెక్కించాడు. పాపం ఆమె దారిలో జీపు ఆపించి అరటిపండ్లు కొన్నది, రోగికి పనికొస్తాయని. ఆ పండ్లు చేత పట్టుకుని శవం ముందు నిలబడింది.

నిజంగా దెబ్బ తాకినవాడి సంగతి మాకు ఫోన్‌లోనే తెలుస్తుంది. కాలు విరిగితే తోటివాడు చేస్తాడు. వేలు తెగితే తెగినవాడే చేసి పని చేయించే ఓవర్‌మన్‌ను నాలుగు తిట్లు తిడతాడు. పోశం బండి వచ్చి వాకిట్లో ఆగిందంటే మాత్రం ఒకటే లెక్క. అతను ఏం చెబుతున్నాడో ఎవరూ వినరు. ఎవరింటి ముందు ఆగాడో చూస్తారు, అంతే.

ఆ రోజు మొదటి షిఫ్టులో అంజి మీద బండ పడింది.

పైకి తెచ్చేసరికి అంజికి స్పృహ ఉంది. నడుం కింద ఏమీ మిగల్లేదని చూసిన అందరికీ తెలుస్తోంది, అతనికి మాత్రం నొప్పి కూడా తెలియడం లేదు. రెండు గుక్కల నీళ్లు తాగాడు. అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే పోశం చెయ్యి పట్టుకున్నాడు.

"రాజిని తోలుకరా పోశం. ఫోన్ల చెప్తే భయపడ్తది. నువ్వే పోయి చెప్పు. నీ లెక్క చెప్పుడు ఎవ్వలకు రాదు."

పిచ్చి మనిషి. తన సగం దేహం పోయినా పెళ్లాం భయపడుతుందనే రంధి. డాక్టర్ కూడా ఇంటివాళ్లను తొందరగా పిలిపించమనే అన్నాడు. పోశం మోకాలి నొప్పి మరిచి బండి తీశాడు. తప్పు పట్టకండి గాని, ఆ బండి మీద పోతున్నంతసేపు అతనికి లోపల కొంచెం సంతోషంగానే ఉంది. ఇన్నేళ్లకు బతికున్నవాడి కబురు మోసుకుపోతున్నాడు. ఈసారి అబద్ధం ఆడాల్సిన పని లేదు.

అంజి భార్య రాజకుమారి అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. బండి ఆగింది. ఆమె తలెత్తి చూసింది. చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. పక్కింటి సుల్తాన్ బీ బట్టలు ఆరేస్తున్నదల్లా పోశాన్ని చూసి "యా అల్లా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నలుగురు ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ బయటికి వచ్చారు. పోశం ఇంకా బండి దిగనే లేదు.

"వదినె, జల్ది లేవు. అంజన్నకు దెబ్బ తాకింది."

రాజకుమారి లేవలేదు. "ఎప్పుడు పోయిండు?" అని అడిగింది.

"పోవుడేంది వదినె! బతికే ఉన్నడు. మాట్లాడుతున్నడు. నిన్ను తోలుకరమ్మని ఆయనే చెప్పిండు."

"నీళ్లు గూడ తాగిండా?"

"తాగిండు," అన్నాడు పోశం, అంటూనే నాలుక కరుచుకున్నాడు. 

చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒకామె అప్పుడే ఏడుపు రాగం అందుకుంది.

"మీకు దండం పెడ్త, గట్ల ఏడ్వకుండ్రి! వదినె, నిజం చెప్తున్న. నా పిల్లల మీద..."

"ఆ ఒట్టు మల్లక్క కాడ పెట్టినవ్ గదా," అన్నది రాజకుమారి.

పోశం చేతిలో ఇక ఏమీ లేదు. ఉన్న మాటలన్నీ చచ్చినవాళ్ల ఇళ్లలో వాడేశాడు. ఫోన్ తీసి, దవాఖాన దగ్గరున్న వీరేందర్‌కు కలిపాడు. వీరేందర్ అంజితో పాటు షిఫ్టులో ఉన్న పిల్లవాడు, అంబులెన్స్‌లో వెంట పోయినవాడు. పోశం ఆమెకు వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"అంజన్నతోని ఒక్క మాట మాట్లాడియ్యి వీరేందర్. వదినె నమ్ముతలేదు."

"లోపలికి తీస్కపోయిండ్రు కాకా. ఎవ్వలను రానిస్తలేరు." అటు వీరేందర్ గొంతు తగ్గించాడు. "పెద్దమ్మను ఫికర్ చెయ్యద్దని చెప్పు. జల్ది తోలుకరా, గంతే."

ఫికర్ చెయ్యద్దు అన్న మాట విన్నాక మా కాలనీలో బతికి ఉన్నాడనుకునే ఆడది లేదు. రాజకుమారి చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. ఏడవలేదు. "అలీ అన్నా, ఆటో తియ్యి," అన్నది సుల్తాన్ బీ మొగుడితో. "మంచిర్యాలకు పోవాలె. దీపను తీస్కరావాలె."

పోయి ఒకసారి చూసుకుంటే ఏం పోయేది అని మీకు అనిపిస్తుంది. చచ్చినవాడు ఎక్కడికీ పోడు కదా అనుకుంది ఆమె. కూతురి సంగతి అట్లా కాదు. గనిలో ఏదైనా జరిగితే గంట తిరక్కుండా వాట్సాప్ గ్రూపుల్లో పేరూ ఫొటో తిరుగుతాయి. మంచిర్యాలలో డిగ్రీ చదువుతున్న పిల్ల క్లాసు విడిచి ఫోన్ తెరిచిందంటే తండ్రి మొహానికి పూలదండ వేసి కనిపిస్తుంది. అంతకంటే ముందు తను పోవాలి.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. రాజకుమారి పుట్టింది బెల్లంపల్లిలో. తండ్రి అక్కడి గనిలో పోయినప్పుడు చిన్నపిల్ల. "బాపుకు జర జరమొచ్చింది, చూసొద్దాం పా" అని మేనత్త తల దువ్వి, కొత్త గౌను తొడిగి, చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టింది. ఆ పిల్ల బిస్కెట్లు తింటూ, జీపు ఎక్కినందుకు మురుస్తూ పోయింది. జనం తనను చూసి ఎందుకు ఏడుస్తున్నారో శవం దగ్గరికి పోయేదాకా తెలియలేదు. ఆ సిగ్గు ఆమెకు ఇప్పటికీ పోలేదు. తన బిడ్డకు ఇలాంటి రోజు వస్తే ఉన్నది ఉన్నట్టు తన నోటితోనే చెప్పాలని అప్పటి నుంచీ పట్టుదల. గని మనిషిని చేసుకున్న ఆడది అలాంటి రోజు రాదని ఎన్నడూ అనుకోదు.

ఆటో కదలబోతుంటే పోశం ఎదురుగా వచ్చి కడ్డీ పట్టుకున్నాడు.

"వదినె, నీ కాళ్లు మొక్కుత. ముందుగాల దవాఖానకు పా. పిల్లను నేను పోయి తీస్కస్త."

"నువ్వా? నువ్వు పోయి దానికేం చెప్తవ్? బాపుకు జర దెబ్బ తాకిందనా?"

పోశం ఏడ్చాడు. మొగవాడు, ఏనాడూ కన్నీళ్లు పెట్టనివాడు, ఆటో పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అది కూడా ఎదురే తిరిగింది. అతని చేతిని మెల్లగా కడ్డీ మీది నుంచి తీసి, "ఊకో పోశం. నీ తప్పేమున్నది," అని ఆమే ఓదార్చింది. ఆటో వెళ్లిపోయింది.

సెంటర్ దగ్గర గులాం అలీ ఆటో నెమ్మది చేశాడు. "అక్కా, తొవ్వలనే గదా, దవాఖాన దిక్కు ఒక్కసారి మలపనా?"

"పోనియ్యి అన్నా. ఆయనను ఒక్కదాన్నే చూడలేను," అన్నది రాజకుమారి.

పోశం ఒక్కడే దవాఖానకు తిరిగొచ్చాడు. ఇంతకుముందు ఎవరినీ రానివ్వనివాళ్లు అతణ్ణి అడ్డు చెప్పకుండా లోపలికి పంపారు. ఆ పంపడంలోనే అంజి ఇక దక్కడని అతనికి తెలిసిపోయింది. అంజి కళ్లు తెరిచే ఉన్నాడు.

"వచ్చిందా?"

"వస్తున్నది అన్నా. తొవ్వల ఉన్నది. నువ్వేం ఫికర్ పెట్టుకోకు, మంచిగైతవ్."

అంజి అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. "నాకు గూడ గదే చెప్తున్నవా పోశం," అన్నాడు.

కాసేపటికి అంజి మళ్లీ "రాజి రాలే?" అన్నాడు. దీప పేరు కూడా అన్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటు చూశాడు. నర్సు వచ్చింది, ఇంకో నర్సు వచ్చింది. ఆ తర్వాత అటు చూడటం మానేశాడు.

మంచిర్యాలలో కాలేజీ గేటు దగ్గరికి దీప నవ్వుకుంటూ వచ్చింది, అమ్మ చెప్పకుండా వచ్చిందేంటని. రాజకుమారి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. నీళ్లు తాగమనలేదు, కూర్చోమనలేదు.

"బాపు సచ్చిపోయిండు బిడ్డా. బాయిల బండ పడ్డది."

దీప మొహం పాలిపోయింది. "నువ్వు చూసినవా?"

"లేదు."

"మరి ఎట్ల తెలుసు?"

"పోశం కాక ఇంటికొచ్చిండు."

దీప ఇంకేమీ అడగలేదు. ఆ పిల్ల కూడా మా కాలనీలోనే పెరిగింది. గేటు పక్కనే కూలబడి ఏడ్చింది. చుట్టూ పిల్లలు మూగుతుంటే రాజకుమారి ఆమెను పొదివి పట్టుకుని ఆటో ఎక్కించింది. గోదావరి బ్రిడ్జి మీదుగా వస్తుంటే దీప ఏడ్చి ఏడ్చి తల్లి భుజం మీద తల వాల్చింది. రాజకుమారికి గుండె పగిలిపోతోంది. అయినా ఆ దుఃఖం అడుగున ఎక్కడో చిన్న నిబ్బరం ఉంది. తనకు ఎవరూ చెయ్యని పని తన బిడ్డకు తాను చేసింది. బిస్కెట్లు పెట్టి తీసుకుపోవడం లేదు.

దవాఖాన వరండాలో గనివాళ్లందరూ ఉన్నారు. ఆమె రాగానే తోవ ఇచ్చారు. వీరేందర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పోశం తలుపు తీసి పట్టుకున్నాడు, ఆమె వంక చూడలేదు.

అంజిని మెడ దాకా తెల్లబట్ట కప్పి ఉంచారు. దీప కాళ్ల దగ్గరే ఆగిపోయింది, ముట్టుకోవడానికి భయపడి. రాజకుమారి తల దగ్గరికి పోయింది. బట్ట కింద చెయ్యి పెట్టి అతని అరచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. ఆమె దాన్ని వదిలి, నుదురు ముట్టుకుని, మళ్లీ చెయ్యి పట్టుకుంది. 

"కాకా," అని దీప పోశాన్ని పిలిచింది. "బాపు ఎప్పుడు పోయిండు?"

పోశం తలుపు వదిలి లోపలికి వచ్చాడు.

"అక్కన్నే బిడ్డా. బాయిలనే. బండ పడంగనే పోయిండు. ఆయనకేం తెల్వనే తెల్వదు."

పోశం ఒక మనిషి చనిపోయాడని చెప్పడం రాజకుమారి ఇన్నేళ్లలో ఎన్నడూ వినలేదు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది, పొద్దున తన వాకిట్లో ఉన్నట్టు గరుకుగా, అడ్డదిడ్డంగా లేదు. పొద్దున అతను అరిచాడు, ఏడ్చాడు, ఆటో పట్టుకుని వేలాడాడు. అది నిజమని అప్పుడెందుకు తట్టలేదు తనకు? ఆమె తలెత్తి అతణ్ణి చూసింది.

"నన్ను అడిగిండా?"

"లేదు వదినె," అన్నాడు పోశం ఇంకా మెత్తగా. "ఏం అడగలే."

ఆమె మంచం కడ్డీ పట్టుకుని నిలబడింది. గట్టిగా అరవాలని, ఆ వెచ్చటి చేతిని మొహానికి అదుముకుని క్షమించమని అడగాలని ఉంది. దీప చూస్తోంది. మంచిర్యాలలో తల్లి తన భుజాలు పట్టుకుని ఆ మాట అన్నప్పుడు తండ్రి బతికే ఉన్నాడని తెలిస్తే ఆ పిల్ల ఏమైపోతుంది?

"నిజమేనా అమ్మా?" అని దీప వెక్కుతూ అడిగింది. "బాపుకు నొప్పి తెల్వలేదా? మనకోసం సూడలేదా?"

రాజకుమారి తెల్లబట్ట లాగి అతని చెయ్యి కనపడకుండా కప్పింది. దీపను ఇటువైపు రానివ్వకుండా అడ్డం తిరిగి నిలబడింది.

"నిజమే బిడ్డా," అన్నది. "పోశం కాక అబద్ధమెందుకు చెప్తడు?"