ముక్కు మేస్త్రి

మా షెడ్డు పైకప్పు రేకులకి చిల్లులున్నాయి. పొద్దెక్కేకొద్దీ వాటిలోంచి దిగిన వెలుగు చుక్కలు నేల మీద మెల్లగా జరుగుతూ, కారు బానెట్టు ఎక్కి, అటువైపు దిగి వెళ్లిపోతాయి. ఏదైనా బండి స్టార్టు చేసి వదిలేస్తే దాని పొగ ఆ వెలుగు చుట్టూ అల్లుకుంటుంది. ఆ వేళ అక్కడ నిలబడితే పని చేస్తున్నామో నిద్రపోతున్నామో తెలియదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు గాని, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ నన్నెవరేమన్నా పట్టించుకోను.

మా ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అంటారు. పాత కార్లలో గాలీ పెట్రోలూ కలిసేది కార్బురేటరులో. దాని పక్కన చిన్న మర ఉంటుంది. విప్పితే పెట్రోలు ఎక్కువ, బిగిస్తే తక్కువ. నేను స్క్రూడ్రైవరుతో ఇంజను దగ్గర నిలబడతాను. ఆయన వెనక పొగగొట్టం దగ్గర కళ్లు మూసుకుని కూర్చుంటాడు. "విప్పు" అంటే విప్పుతాను. పొగలో పచ్చి పెట్రోలు వాసన సన్నగా తగలగానే "తగిలింది" అంటాడు. అప్పుడు మరను సగం చుట్టు వెనక్కి బిగిస్తాను. అంతే, బండి కుదురుకుంటుంది. చెవితో వింటే తెలియదా అని పెళ్లైన కొత్తలో అడిగాను. "చెవికి మొహమాటం ఎక్కువ. పెట్రోలు కాస్త ఎక్కువైనా హాయిగానే ఉందంటుంది. ముక్కు అబద్ధమాడదు" అన్నాడు.

అలాంటిది ఈ మధ్య మా చేతిలో బాగుపడి వెళ్లిన బండ్లన్నీ అత్తింట్లో పడని ఆడపిల్లల్లా తిరిగి రావడం మొదలుపెట్టాయి. బేకరీ వాళ్ల వ్యాను, నర్సమ్మ కారు, లెక్కల మాస్టారి కారు. అన్నింటిదీ ఒకటే జబ్బు. పెట్రోలు మంచినీళ్లలా తాగేస్తున్నాయి. ప్లగ్గులు విప్పి చూస్తే, లేత కాఫీ రంగులో ఉండాల్సిన కొనలు మసి పట్టి ఉన్నాయి. పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. గాలి ఫిల్టర్లు దులిపాం, కార్బురేటర్లు కడిగి ఊదాం. ఎక్కడా తేడా లేదు. పెట్రోల్లోనే కల్తీ అని ఆయన తేల్చేశాడు. నేనూ సరేనన్నాను. ఆయన ముక్కుని అనుమానించాలని నాకు కలలో కూడా తట్టలేదు.

ఒకరోజు పొద్దున పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు. పెరట్లో బట్టలారేస్తున్న నేను పరిగెత్తుకొచ్చాను. ఆయన పొయ్యి పక్కనే నిలబడి, కిటికీలోంచి మబ్బుల్ని చూస్తున్నాడు.

"ఏమండీ, ముక్కు ఎక్కడ పెట్టుకున్నారు?" అని అరిచాను.

ఉలిక్కిపడి గిన్నె వైపు చూశాడు. నేను ఒకటంటే తను రెండు అనే మనిషి, ఆ రోజు ఒక్క మాట తిరిగి అనలేదు. పక్కనే ఉండి మాడు వాసన తెలియలేదా అని అప్పుడు తట్టింది నాకు.

ఆ పూట మాస్టారి కారు పట్టుకున్నాం. ఆయన వెనక కూర్చుని "విప్పు" అన్నాడు. విప్పాను. "ఇంకాస్త" అన్నాడు. పచ్చి వాసన కారు ఇటు కొసన నిలబడ్డ నా దాకా వచ్చేసింది గాని, ఆయన పలకలేదు. బానెట్టు పక్కనుంచి తొంగిచూశాను. కళ్లు తెరుచుకునే కూర్చున్నాడు. నీళ్లు కారుతున్నాయి. చాలాసేపటికి, మంట ఓర్చుకోలేక కళ్లు తుడుచుకుంటూ "తగిలింది" అన్నాడు.

మళ్లీ మొదటినుంచి చేద్దామన్నాను. ఈసారి ఆయన విప్పమన్న ప్రతిసారీ బిగించాను. పెట్రోలు చాలక ఇంజను తడబడి, టప్పుమని తుమ్మి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ఆయన లేచి వచ్చాడు. ముక్కు పోయినా చెవి ఉంది కదా, నేనేం చేశానో అర్థమైపోయింది.

"ఎప్పటినుంచండీ?" అన్నాను.

"మొన్నామధ్య జలుబు చేసింది చూడు, అప్పట్నుంచి. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకున్నా. ప్రతి బండి దగ్గరా ఈసారైనా తగులుతుందేమోనని ఆగుతున్నానే. కళ్లు మండితే ఇక తగిలిందనేస్తున్నా." చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నా. ముక్కు లేని ముక్కు మేస్త్రి దగ్గరికి ఎవరొస్తారు?" అన్నాడు.

"నాకైనా చెప్పొద్దా?"

"నీకు చెబితే నిజమైపోతుందిగా."

నోటినిండా తిట్లు పెట్టుకుని నిలబడ్డాను. కానీ ఆయన్ని అలా చూడటం నావల్ల కాలేదు.

అంతలో మాస్టారు వచ్చారు. "ఏమ్మా, మా బండికి దాహం తీరిందా?" అన్నారు నవ్వుతూ.

"పెట్రోల్లో కల్తీ మాస్టారూ, బంకు మార్చండి" అని గడగడా చెప్పేశాను. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. అయిన పెళ్లి కోసం నేను ఒక్కటి ఆడితే ఏం పోయింది?

"కల్తీ ఏం లేదు మాస్టారూ" అన్నాడు మా ఆయన. "నాకు వాసన తెలియట్లేదు. మీ బండి చెడగొట్టింది నేనే."

మాస్టారు నవ్వాపేసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "మరి ఇప్పుడెవరు చూస్తారు మేస్త్రీ?"

ఆయన నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. "తను చూస్తుంది" అని బండి మళ్లీ స్టార్టు చేసి, ఇంజను దగ్గరికి నడిచాడు.

కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి ఆయన పీట మీద కూర్చున్నాను. పీట ఇంకా వెచ్చగా ఉంది. అక్కణ్నుంచి చూస్తే అది మా షెడ్డులా లేదు. వెలుగు చుక్కలు పొగలో ఈదుతున్నాయి, గోడలు ఎటో జరిగిపోయాయి, బండి నిద్రలో మాట్లాడే పిల్లలా గొణుగుతోంది. కళ్లు మూసుకున్నాను. ముందు వేడి ఇనుము, తర్వాత తడి దుమ్ము.

"విప్పండి" అన్నాను. "ఇంకాస్త."

అప్పుడొచ్చింది, పొగ అడుగునుంచి, సన్నగా, కాస్త తియ్యగా. అదేనని నాకు తెలుసు. ఇక మాట అనడమే మిగిలింది. ఇన్నేళ్లూ ఆ మాట ఆయనది. నేను ఒక్కసారి అన్నానంటే ఇక ఎప్పటికీ నాదే. పీట అంచు పట్టుకుని కూర్చుండిపోయాను.

ఇంజను బరువుగా కొట్టుకోసాగింది.

"చెప్పవే" అన్నాడు ఆయన పొగ అవతలనుంచి, చాలా మెల్లగా. "దానికి ఊపిరాడట్లేదు."

"తగిలింది" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయనకి వినపడింది.