చుక్కల కళ్ళ ఈగ

తొట్టిలో నీళ్ళు మూడు రోజులకోసారి మార్చడం సాయిరా పని. ఉన్న నీళ్ళు పది బకెట్లు తోడి పారబోయాలి, వీధి కుళాయి నుంచి మళ్ళీ పది బకెట్లు మోసుకొచ్చి పోయాలి. కొండ నుంచి తెచ్చిన బిక్కి కట్టె ఎండితే పగులుతుంది, ఉలికి లొంగదు. అందుకని చెక్కేదాకా దాన్ని సిమెంటు తొట్టిలో నానేసి ఉంచడం వాళ్ళ ఇంటి పద్ధతి.

ఉదయగిరిలో కొండ కింది వీధిలో ఉంది ఆ ఇల్లు. మూడు తరాలుగా గంటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతున్న ఇల్లు. ఇప్పుడు చెక్కేది కరీమున్నీసా ఒక్కతే. సాయిరాకు ఆమె అమ్మమ్మ, నానీ. చెక్కీ చెక్కీ ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి, రేషను మిషను ఆ వేలిని గుర్తుపట్టదు. కట్టె తెచ్చేది ఆమె కొడుకు జబీవుల్లా, సాయిరాకు మేనమామ, మామూ. పక్క వీధిలో ఉంటాడు. రెండేళ్ళ కిందట కట్టె మోపుతో కొండ మీద జారిపడ్డాడు. అప్పటి నుంచి కుడి మోకాలు సరిగా వంగదు, అయినా ఆయనే వెళ్తాడు. ఇంటరు మొదటి సంవత్సరం చదువుతున్న సాయిరా కాలేజీ నుంచి రాగానే ఉప్పు కాగితం పట్టుకుని కూర్చుంటుంది. రోజుకు నలభై చెంచాలు నునుపు చేయాలి. పని అయ్యేసరికి చేతులు తనవి కానట్టు ఉంటాయి.

ఆ అలసటలోనే ఒకసారి నీళ్ళు మార్చలేదు. ప్రాక్టికల్ రికార్డులు రాస్తున్న వారం అది. రేపు మారుద్దామనుకుంది. మర్నాడు కూడా నడుము ఎత్తబుద్ధి కాలేదు. వారం దాటాక తొట్టిలోకి వంగి చూస్తే, కట్టెల సందున బూడిదరంగు పురుగులు కదులుతున్నాయి. ఒక్కోదానికి ఒంటికన్నా పొడుగైన తోక. తోక కొన నీటి పైకి పెట్టి, ఒళ్ళంతా మురికిలో ముంచి, తీరిగ్గా ఉన్నాయి.

సాయిరా బకెట్టు కింద పెట్టేసింది. అవేమిటో తనకు తెలుసు.

తెలిసింది ఏంజెలిన్ మేడం వల్ల. మేడం కాలేజీలో జువాలజీ చెబుతుంది, కాంట్రాక్టు మీద. రోజూ ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చి బస్సులోనే పోతుంది. శనివారాలు సాయిరా కూడా అదే బస్సులో ఆత్మకూరు వెళ్ళి, అక్కడ ఒక కొట్టులో చెంచాల సంచి ఇచ్చి వస్తుంది. మొదటిసారి పక్క సీటు ఖాళీగా ఉంటే మేడమే పిలిచి కూర్చోబెట్టుకుంది. సాయిరా నోరు తెరిచే పిల్ల కాదు. క్లాసులో హాజరు చెప్పినా వెనక బెంచీకి వినపడదు. మేడం కూడా మాటలు అడగలేదు. ఫోను తీసి ఫొటోలు చూపించింది.

ఆ ఫోనులో మనుషుల ఫొటోలు తక్కువ, ఈగలవి ఎక్కువ. దేశమంతటా ఇలా ఈగల కోసం తిరిగేవాళ్ళు కొందరున్నారని, ఒకరికొకరు ఫొటోలు పంపుకుంటారని, ప్రతి ఒక్కరికీ ఒక ఇష్టమైన ఈగ ఉంటుందని మేడం చెప్పింది. తనకు దొంగ ఈగంటే ప్రాణం. దాని మూతికి బిరుసు మీసం ఉంటుంది. ఎండుపుల్ల చివర కదలకుండా కూర్చుని, పైన ఎగిరే పురుగును ఎగిరేచోటే పట్టుకుని మళ్ళీ అదే పుల్ల మీదికి వస్తుంది. రిటైరైన రైల్వే గార్డు ఒకాయనకు పొడుగుకాళ్ళ ఈగ కావాలి, చింతపండుతో తోమిన ఇత్తడిలా ఆకు మీద పచ్చగా మెరుస్తుంది కాబట్టి. ఇంకొకామెకు బొచ్చు ఈగ. అది పువ్వు మీద పూర్తిగా వాలకుండానే సూదిలాంటి మూతి దింపి తేనె తాగుతుందట.

ఆఖరుగా చూపించింది చుక్కల కళ్ళ ఈగను. ఒళ్ళంతా తేనెటీగలాగే ఉంటుంది, కుట్టదు. తేనెటీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. పిల్లగా ఉన్నప్పుడు కుళ్ళు నీళ్ళలో ఉండి తోకతో గాలి పీలుస్తుంది. పెద్దదయ్యాక పువ్వుల మీద తప్ప వాలదు.

"సీతాకోకచిలుకను ఎవరైనా చూస్తారు. ఈగను చూడాలంటే కాసేపు ఒకచోట కూర్చోవాల. నాకు బస్టాండుల్లో కూర్చోనే అలవాటైంది" అంది మేడం. ఫోను సాయిరా వైపు తిప్పి, "నీకేది నచ్చిందమ్మా?" అని అడిగింది.

సాయిరా ఒళ్ళో సంచి వైపు చూస్తూ ఉండిపోయింది. జవాబు గొంతుదాకా వచ్చేలోపు మేడం కిటికీ ఊచకు తల ఆనించి నిద్రపోయింది.

అందుకని తొట్టిలో తోకలు కనిపించిన రోజు నుంచి సాయిరా కావాలనే నీళ్ళు మార్చలేదు. ఈగ బయటికి రావడం చూడాలి, మేడంకు చెప్పాలి. నానీ అప్పటికి పాత కట్టెతో పని చేస్తోంది. తొట్టిలోది నెల్లూరు హోటలు వాళ్ళ ఆర్డరు కోసం తెచ్చిన కొత్త కట్టె. మూడు రోజులకోసారి సాయిరా బకెట్టు చప్పుడు చేసి, పైపైన రెండు బకెట్లు తీసి రెండు పోసేది. తొట్టి వాసన వస్తా ఉండాదేందే అని నానీ అడిగితే కట్టె వాసన అని చెప్పింది. ఆ మాట అన్నాక ఆ పూట అన్నం సహించలేదు. అయినా నీళ్ళు మార్చలేదు.

బుధవారం పొద్దున ఆర్డరు మొదలుపెడదామని నానీ తొట్టిలో చెయ్యి పెట్టింది. వేలికి మెత్తగా ఏదో తగిలింది. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

కట్టె చెక్కేవాళ్ళకు పురుగంటే ఒక్కటే పురుగు, కట్టెను లోపల్నుంచి పిండి చేసేది. అది ఒక్క మొద్దులో ఉన్నా ఇంట్లో ఉన్న కట్టెనంతా పట్టుకుంటుందని భయం. నానీ ఇంకేమీ ఆలోచించలేదు. రంపానికి రాసే కిరసనాయిలు సీసా తెచ్చి మొత్తం తొట్టిలో వంచేసింది. తోకలు రెండుమూడుసార్లు మెలితిరిగి ఆగిపోయాయి. సీసా ఖాళీ అయ్యాక గానీ ఆమెకు తట్టలేదు, ఆ కట్టెతో చేసేవి నోట్లో పెట్టుకునే చెంచాలని. అరుగు మీద కూలబడి, పక్క వీధి నుంచి కొడుకును పిలిపించింది.

పురుగు పట్టిన కట్టె తెచ్చావని, కళ్ళు ఎక్కడ పెట్టుకుని నరికావని, వీధిలోవాళ్ళు వింటుండగానే అడిగింది. జబీవుల్లా ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చూసే కొట్టుకొచ్చినాను, మా" అన్నాడు.

"ఏం చూసినావు? గుడ్డోడికి చెప్పినా ఇంతకన్నా మేలైంది తెచ్చుండు."

ఆయన ముక్కను తిరిగి తొట్టి అంచు మీద పెట్టి, తెల్లారి మళ్ళీ కొండెక్కుతానని చెప్పి వెళ్ళిపోయాడు. కాలు ఈడ్చుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా సాయిరా వెనకనుంచి చూస్తూనే ఉంది. మాట నాలుక మీదే ఉంది. ఆ రోజంతా అక్కడే ఉంది.

గురువారం ఇంకా ఎండ రాకముందే చీపురు పట్టుకుని తొట్టి దగ్గరికి పోయింది. తొట్టి వెనక గోడ మూలలో తడి రంపపుపొట్టు పేరుకుని ఉంది. చీపురు తగలగానే ఎండు ద్రాక్షల్లాంటివి నాలుగైదు దొర్లాయి, గోధుమరంగువి, ఒక్కోదానికి ఎండిన తోక. కిరసనాయిలు పడకముందే తొట్టి ఎక్కి దిగి పొట్టులో దూరి ప్యూపాలైన పురుగులు అవి. ఒకదాని మూత ఊడి ఉంది. దాని పక్కనే, తడిసిన కాగితంలా ముడుచుకున్న రెక్కలతో, ఇంకా రంగు రాని ఈగ.

సాయిరా దాన్ని సగం చెక్కిన చెంచా మీదికి ఎక్కించుకుని అక్కడే కూర్చుంది. మామూ ఈపాటికి బయల్దేరుతుంటాడు. తెలుసు. కానీ ఉత్త మాటతో నానీ ముందుకు పోయే ధైర్యం తనకు లేదు, చేతిలో ఏదైనా ఉండాలి. రెక్కలు విచ్చుకునేదాకా ఆగి, లేచి, లోపలికి వెళ్ళింది. నానీ నమాజు చాప మడుస్తోంది.

"నానీ."

"ఏందే."

"మామూ తెచ్చిన కట్టెలో పురుగు లేదు. అవి నీళ్ళలో పుట్టినవి. నేను నీళ్ళు మార్చలా, ఇరవై ఐదు రోజులుగా."

నానీ చాప మడవడం ఆపింది. "బకెట్టు చప్పుడు ఇంటా ఉన్యానే."

"రెండు బకెట్లే పోసినా. వాసన గూడా కట్టెది కాదు." చెంచా ముందుకు చాచింది. "ఆ పురుగు ఇదయింది."

"తేనెటీగ అది. కుడతాది, అవతల పెట్టు."

"కుట్టదు నానీ. తేనెటీగకు నాలుగు రెక్కలు. దీనికెన్నో చూడు."

నానీ కళ్ళద్దాలు పెట్టుకుంది. చెంచా పట్టుకుని వాకిట్లో వెలుతురులోకి పోయి, చాలాసేపు చూసింది. ఒకటి, రెండు అని పెదవులు కదిలాయి. మూడోది దొరకలేదు. తర్వాత ఈగ తల వైపు తిప్పుకుంది.

"కంట్లో చుక్కలు పెట్టినట్టు ఉండాదే" అంది నెమ్మదిగా. గంటెల కాడల మీద సూదిమొనతో చుక్కలు పొడవడం నలభై ఏళ్ళుగా ఆమె చేసే పని. "ఇంత సన్నంగా నాకు ఎప్పుడూ రాలా."

సాయిరా ఊపిరి పీల్చుకోబోయింది. నానీ చెంచాను అరుగు మీద పెట్టి ఆమె వైపు తిరిగింది. గొంతులో కోపం కూడా లేదు, అలుపు ఒక్కటే ఉంది.

"నా కొడుకును నిన్న వీధిలో గుడ్డోడన్నా. నువ్వు పక్కనే నిలబడి విన్యావు. పో, వాడికి చెప్పు."

"నువ్వు గూడా రా, నానీ."

"నీళ్ళు మార్చనిది నేనా?"

మామూ ఇంట్లో లేడు. కొండ దారి మొదట్లో ఒక రాతి మీద కూర్చుని, మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ కనిపించాడు. పక్కన కత్తి, తాడు, నీళ్ళ సీసా. సాయిరా పరుగున వచ్చి, రొప్పు తగ్గకముందే మొత్తం చెప్పేసింది. నీళ్ళు, తోకలు, రెండు బకెట్లు, వాసన గురించి ఆడిన అబద్ధం, నిన్న నోరు మూసుకోవడం. అంత పొడుగు మాట ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన గుడ్డ చుట్టడం ఆపి వింటూ ఉన్నాడు.

"అయితే నా కట్టె మంచిదే" అన్నాడు చివరికి.

"మంచిదే మామూ."

"అమ్మకు చెప్పినావా?"

"చెప్పినా. రెక్కలు గూడా లెక్కపెట్టింది."

రెక్కల మాట ఆయనకు అర్థం కాలేదు, అడగనూ లేదు. కొండ వైపు చూసి, గుడ్డ కొసను మళ్ళీ లాగి గట్టిగా ముడేశాడు.

"మంచిదైనా కిరసనాయిలు తాగింది గదా. పొయ్యిలోకే అది. పోవాల్సిందే."

"నేనొస్తా. తాడు నాకియ్యి."

"కాలేజీ?"

"ఈపొద్దు పోను."

ఆయన తాడు ఇచ్చాడు. సాయిరా కత్తి కూడా తీసుకుంది. ఆయన నాలుగు అడుగులకోసారి ఆగుతుంటే తనూ ఆగింది. రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. కోట గోడ ముక్క ఒకటి కనిపించేచోట ఇద్దరూ ఒకరినొకరు అడక్కుండానే కూర్చుండిపోయారు. చుట్టూ గడ్డిచామంతి పూసి ఉంది. దాని మీద, మనిషి ఛాతీ ఎత్తున, ఒక ఈగ గాలిలో నిలబడి ఉంది. పక్కకు దూసుకుపోయి దేన్నో తరిమి, మళ్ళీ సరిగ్గా అదే చోటికి వచ్చి నిలబడింది.

"ఏందది, అట్నే నిలబడుకోనుండాది?" అన్నాడు జబీవుల్లా.

"అది దాని చోటంట మామూ. ఇంకోదాన్ని రానీదు."

"మోకాలి నొప్పి లేదు గదా దానికి" అన్నాడాయన.

సాయిరాకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేక తల వంచుకుంది. ఎల్లుండి శనివారం. పాత కట్టె అయిపోయింది, సంచి నిండేన్ని చెంచాలు ఉండవు కాబట్టి ఈసారి బస్సు లేదు. క్లాసులో అందరి ముందు నోరు రాదు, మేడం అడిగినదానికి జవాబు పై శనివారం దాకా ఆగాల్సిందే. జవాబు ఏమిటో మాత్రం తెలుసు, పక్కన ఎవరూ నిద్రపోకపోతే చెప్పగలదు కూడా.

"లేద్దామా?" అని మామూ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది. సాయిరా కదలకుండా, ఆయన పూర్తిగా లేచేదాకా మోసింది.